టిగ్ మెషీన్‌కు వాటర్ కూల్డ్ టార్చ్ తగిలించాక: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఎయిర్ కూల్డ్ టార్చ్‌తో వచ్చిన టిగ్ వెల్డింగ్ మెషీన్‌కు నీళ్లతో చల్లబడే డబ్ల్యూపీ-18 లేదా డబ్ల్యూపీ-20 టార్చ్ బిగించాక వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఈ టార్చ్‌లో కరెంటూ, తిరిగొచ్చే నీళ్లూ ఒకే గొట్టంలో నడుస్తాయి. టార్చ్ నుంచి మూడు గొట్టాలు వస్తాయి. ఒకదాంట్లో వెల్డుకు గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ గ్యాస్ పోతుంది. రెండోదాంట్లో చల్లటి నీళ్లు టార్చ్ తలకు వెళ్తాయి. మూడోది పవర్ కేబుల్. దాని లోపల సన్నటి రాగి తీగల అల్లిక, చుట్టూ తల నుంచి వేడెక్కి వచ్చే నీళ్లు ఉంటాయి. నీళ్లు ఆగిపోయి 200 ఆంపులు నడిస్తే ఆ రాగి తట్టుకోలేదు, గొట్టం కాసేపట్లోనే మెత్తబడి పగులుతుంది.

కాబట్టి లక్షణం ఏదైనా మొదట ఈ పరీక్ష చెయ్యండి. వెల్డింగ్ మెషీన్ ఆఫ్ చేసి, కూలర్ (నీళ్ల ట్యాంకు, పంపు ఉన్న పెట్టె) మాత్రం ఆన్ చేసి, ట్యాంకులోకి తిరిగొచ్చే గొట్టాన్ని విప్పి కొలత పాత్రలో పెట్టండి. నిమిషానికి దాదాపు లీటరు నీళ్లు రావాలి. ఈ కొలత పంపు దగ్గర తీస్తే లాభం లేదు. టార్చ్ మొత్తం తిరిగి వచ్చిన నీళ్లే లెక్క.

పంపు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు లేదా సన్నగా వస్తున్నాయి

కొత్తగా బిగించినప్పుడు ఎక్కువగా గాలి పట్టేస్తుంది. టార్చ్‌ను నేలమీద, ట్యాంకు కన్నా కిందకి పెట్టి, గొట్టాలు చుట్టలు లేకుండా పరిచి పంపు నడపండి. తనంతట తాను నీళ్లు లాగలేని పంపైతే ట్యాంకు దానికన్నా ఎత్తులో ఉండాలి. అప్పటికీ బుడగలు ఆగకపోతే పంపుకు ముందున్న గొట్టంలో క్లాంప్ వదులుగా ఉండి గాలి పీలుస్తోందని అర్థం.

ఫౌంటెన్లకు వాడే ముంచుడు పంపులతో పని జరగదు. బయట పెట్టి చూస్తే ధార బాగానే కనిపిస్తుంది, టార్చ్ తలలోని సన్నటి దారిలోకి నెట్టేంత ఒత్తిడి మాత్రం వాటికి ఉండదు. బైపాస్ వాల్వ్ ఉన్న వేన్ పంపు గానీ, మంచి డయాఫ్రమ్ పంపు గానీ కావాలి. ఒత్తిడి 3.5 బార్ దాటనివ్వకండి, దాటితే గొట్టం అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. పంపును మాత్రం ఎప్పుడూ పొడిగా తిప్పకండి.

నీళ్లు వస్తున్నాయి, అయినా టార్చ్ తల చెయ్యి పెట్టలేనంత వేడి

గొట్టాలు తారుమారయ్యాయేమో చూడండి. చల్లటి నీళ్లు ముందు తలకు వెళ్లాలి, తర్వాత పవర్ కేబుల్ గుండా రావాలి. రంగు గుర్తులుంటే నీలం వెళ్లేది, ఎరుపు వచ్చేది. తిప్పి కలిపితే కేబుల్ వేడి మోసుకొచ్చిన నీళ్లే తలకు చేరతాయి. అది సరిగ్గానే ఉంటే ట్యాంకు జాలీ, రేడియేటర్ ఫ్యాన్ చూడండి. కుళాయి నీళ్లు వాడి ఉంటే తలలో సున్నం పేరుకుని ఉంటుంది. పలచటి వెనిగర్ కాసేపు తిప్పి, మంచి నీళ్లతో బాగా కడిగి, డిస్టిల్డ్ వాటర్ నింపాలి.

మెషీన్ వైపు కేబుల్ చివర కాలుతోంది, తల మాత్రం చల్లగానే ఉంది

ఇది నీళ్ల సమస్య కాదు, కరెంటు అతుకు సమస్య. టార్చ్ కేబుల్‌ను మెషీన్‌కు కలిపే అడాప్టర్ దిమ్మె సాకెట్‌లో వదులుగా కూర్చుని ఉంటుంది. ప్లగ్ లోపలికి తోసి కుడివైపు తిప్పి గట్టిగా బిగించాలి. సాకెట్ సైజు కూడా సరిపోవాలి. 35-50 సాకెట్ ప్లగ్ మొన 13 మిల్లీమీటర్లు, చిన్న 10-25 ప్లగ్ మొన 9 మిల్లీమీటర్లు. పవర్ కేబుల్ నట్టుకు చాలా టార్చుల్లో ఎడమ మర ఉంటుంది. మామూలుగా తిప్పితే వదులవుతుంది, బలవంతం చేస్తే మర చెడుతుంది. కోన్ ఆకారంలో కూర్చునే ఈ అతుకులకు టెఫ్లాన్ టేప్ చుట్టకండి.

ఆర్గాన్ దారిలోకి నీళ్లు వచ్చాయి

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. కొన్ని మెషీన్లలో ఆర్గాన్ టార్చ్ సాకెట్ రంధ్రం గుండానే బయటికొస్తుంది. అలాంటి సాకెట్‌కు వాటర్ కూల్డ్ కేబుల్‌ను బోలు అడాప్టర్‌తో కలిపితే నీళ్లు వెనక్కి నడిచి గ్యాస్ వాల్వ్‌లోకి, అక్కడి నుంచి మెషీన్ లోపలికి చేరతాయి. వెంటనే మెయిన్ ఆపి ప్లగ్ పీకెయ్యండి, వాల్వ్ విప్పి పూర్తిగా ఆరాక గానీ మళ్లీ నడపకండి. కావాల్సింది సాకెట్‌లోకి వెళ్లే మొన వైపు నీటి దారి లేని, పక్క నుంచి నీళ్లు తీసుకునే దిమ్మె. గ్యాస్‌ను వేరే గొట్టంతో టార్చ్ ఆర్గాన్ లైనుకు కలపాలి.

వెల్డులో రంధ్రాలు, టంగ్‌స్టన్ (ఆర్క్ పుట్టే కడ్డీ) నల్లబడుతోంది

ముందు వెనక క్యాప్ ఓ-రింగ్, కొత్తగా పెట్టిన ఆర్గాన్ అతుకులు సబ్బునీళ్లతో చూడండి. అవి బాగుంటే తల లోపల కారుతుందేమో తేల్చాలి. వెల్డింగ్ మెషీన్ ఆఫ్, ఆర్గాన్ బంద్, పంపు మాత్రం ఆన్. టార్చ్ కప్పును (గ్యాస్ బయటికొచ్చే మూతిని) టిష్యూ కాగితం మీద బోర్లా పెట్టి 10 నిమిషాలు ఆగండి. కాగితం తడిస్తే తల మార్చడమే, అతికించాలని చూడకండి. తేమ వాతావరణంలో నీళ్లను చిల్లర్‌తో మరీ చల్లబరిస్తే తల లోపల చెమ్మ పట్టి ఇదే లక్షణం కనిపిస్తుంది. గది ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంచితే చాలు.

ఆర్క్ పట్టడం లేదు, హెచ్‌ఎఫ్ (ఆర్క్ అంటించే హై ఫ్రీక్వెన్సీ కరెంటు) బలహీనమైంది

పాత టార్చ్‌తో బాగా పట్టేదంటే అనుమానం నీళ్ల మీదే. ఉప్పున్న నీళ్లు కరెంటును మోస్తాయి, హెచ్‌ఎఫ్ ట్యాంకు వైపు జారిపోతుంది. కారు కూలెంట్ వద్దు. అందులోని రసాయనాలు కరెంటును మోస్తాయి, కారుడు ఆపే మందు కలిసిన రకాలైతే సన్నటి దారులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్ లేదా టిగ్ టార్చ్‌కు తయారైన కూలెంటే పొయ్యండి. నీళ్లు ఆకుపచ్చగా మారితే రాగి కరుగుతోందన్నమాట, మొత్తం పారబోసి మార్చండి. నల్ల రబ్బరులో కార్బన్ ఉండే గొట్టాలూ హెచ్‌ఎఫ్‌ను జారవిడుస్తాయి. పవర్ కేబుల్‌ను ఇనుప బల్లకు చుట్టినా, ఎక్కువ చుట్టలు చుట్టినా అంతే.

ఫ్లో స్విచ్ (నీళ్లు ఆగితే పసిగట్టే స్విచ్) పెట్టాం, అయినా కేబుల్ కాలిపోయింది

స్విచ్ తిరిగొచ్చే లైనులో ఉండాలి. వెళ్లే లైనులో ఉంటే దాని తర్వాత గొట్టం పగిలి నీళ్లు బయటికి పోతున్నా ప్రవాహం ఉన్నట్టే చూపిస్తుంది. స్విచ్‌తో కూలర్‌లో ఒక రిలే నడిపి, ఆ రిలే కాంటాక్టును టార్చ్ బటన్ తీగతో వరసలో కలపడం మామూలు పద్ధతి. ఇది బటన్ నొక్కి ఉంచినంతసేపే ఆర్క్ నడిచే 2టీ మోడ్‌లోనే రక్షణ ఇస్తుంది. ఒకసారి నొక్కి వదిలితే ఆర్క్ నడుస్తూ, మళ్లీ నొక్కి వదిలితే ఆగే 4టీలో ఆర్క్ నడిచేటప్పుడు బటన్ వదిలేసే ఉంటుంది కాబట్టి ఆ తీగ తెగినా మెషీన్‌కు తెలియదు. మెషీన్‌లో కూలర్ ఫాల్ట్ టెర్మినల్ ఉంటే దానికి కలపండి, లేకపోతే రిలేకి గట్టిగా మోగే బజర్ పెట్టండి.

బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు

టార్చ్ బటన్ ప్లగ్ పిన్నుల వరస మీ మెషీన్‌కు వేరుగా ఉంటుంది, అంతే. మాన్యువల్‌లో బటన్ పిన్నులు రెండూ గుర్తించి కొత్త టార్చ్ తీగలు వాటికే కలపండి. అంచనాతో కలిపితే కరెంటు సర్దే పిన్నులకు తగలొచ్చు.

టార్చ్ చల్లగానే ఉంది, మెషీన్ మధ్యలో ఆగి పసుపు లైటు వెలుగుతోంది

చాలా మెషీన్లలో ఆ లైటు ఓవర్‌హీట్‌కు గుర్తు. నీళ్లు టార్చ్‌ను కాపాడతాయి, మెషీన్ డ్యూటీ సైకిల్‌ను (ఆపకుండా ఎంతసేపు వెల్డ్ చెయ్యగలదనే హద్దును) పెంచవు. ఇదివరకు టార్చ్ వేడెక్కి మిమ్మల్నే ఆపేది, ఇప్పుడు మెషీనే ముందు అలసిపోతుంది. ఆఫ్ చెయ్యకుండా ఫ్యాన్ తిరగనివ్వండి, లైటు ఆరాక ఆంపులు తగ్గించి మొదలుపెట్టండి.