బూట్ సమయంలో కనిపించే ఫర్మ్‌వేర్ హెచ్చరికలను పరిష్కరించుకోవడం ఎలా?

లినక్స్ కంప్యూటర్‌ను ఆన్ చేసిన వెంటనే, లాగిన్ తెర రాకముందే, ‘ఏసీపీఐ బయోస్ ఎర్రర్’ అనో ‘ఫర్మ్‌వేర్ బగ్’ అనో నాలుగైదు పంక్తులు కనిపించి మాయమైతే, ఇన్‌స్టాలేషన్ చెడిపోయిందేమోనని కంగారుపడి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. దానివల్ల ఫలితం ఉండదు. ఆ లోపం డిస్కులో లేదు. మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లో తయారీదారు నింపిన ఫర్మ్‌వేర్‌లో, అంటే కంప్యూటర్‌ను మేల్కొలిపే తొలి సాఫ్ట్‌వేర్‌లో (దీన్నే బయోస్ అని కూడా అంటారు) ఉంది. లినక్స్ దాన్ని చదివి, తప్పును బయటపెడుతోంది, అంతే.

1996లో వెలువడిన ఏసీపీఐ అనే, విద్యుత్తు, పరికరాల నియంత్రణకు సంబంధించిన ప్రమాణాన్ని అనుసరించి, బ్యాటరీ, ఫ్యాను, ల్యాప్‌టాప్ మూత వంటివాటిని ఎలా నడపాలో చెప్పే పట్టికలను ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది. ఆ పట్టికల్లో సమాచారమే కాక, మెథడ్‌లు అనే చిన్న ప్రోగ్రాములు కూడా ఉంటాయి. ఒకే కోడ్‌ను అనేక మోడళ్లకు వాడుకున్నప్పుడు, మన మోడల్‌లో అసలు లేని పరికరం పేరు అందులో మిగిలిపోవచ్చు. లినక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ ఆ పేరు కోసం వెతికి, దొరకకపోతే ‘ఏఈ నాట్ ఫౌండ్’ అని నమోదు చేసి, ఆ ఒక్క మెథడ్‌ను ఆపివేసి ముందుకు సాగుతుంది. విండోస్‌లో ఇలాంటివి తెరపై కనిపించవు కాబట్టి, విండోస్‌తో మాత్రమే పరీక్షించి విడుదల చేసిన యంత్రాల్లో ఈ లోపాలు అలాగే ఉండిపోతాయి.

ముందుగా చేయవలసింది ఆ పంక్తులను తీరిగ్గా చదవడం. టెర్మినల్ తెరిచి, నిర్వాహకుని హక్కులతో ‘జర్నల్‌సీటీఎల్ -కె -పి వార్నింగ్’ అనే ఆదేశం ఇస్తే, ఈ బూట్‌లో కెర్నల్ ఇచ్చిన హెచ్చరికలు, అంతకంటే తీవ్రమైన సందేశాలు మాత్రమే కనిపిస్తాయి. ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ, టైపు చేసేటప్పుడు ఆంగ్ల అక్షరాల్లోనే, ఈ ఆదేశంలోనైతే అన్నీ చిన్న అక్షరాల్లోనే (స్మాల్ లెటర్స్) కొట్టాలి. ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది: ‘డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్’ అనే సందేశం మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌కు సంబంధించింది కాదు. వైఫై కార్డు, గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరానికి డ్రైవర్ పంపవలసిన ఫైలు డిస్కులో దొరకలేదని దాని అర్థం. ఆ పరికరం నిజంగానే పనిచేయకపోతే, మీ లినక్స్ పంపిణీ (ఉబుంటు, డెబియన్ వంటిది) అందించే లినక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

తరువాత, సందేశాన్ని పక్కనపెట్టి యంత్రాన్ని గమనించాలి. నా దృష్టిలో ఈ పని మొత్తంలో ముఖ్యమైన దశ ఇదే. సస్పెండ్ చేసి తిరిగి లేపినప్పుడు లేస్తోందా, బ్యాటరీ శాతం సరిగా చూపుతోందా, వెలుతురు మీటలు పనిచేస్తున్నాయా, పని లేనప్పుడు కూడా ఫ్యాను హోరెత్తుతోందా అని పరీక్షించాలి. అన్నీ సవ్యంగా ఉంటే, ఎర్రటి అక్షరాల్లో ఎన్ని పంక్తులు వచ్చినా ఆ హెచ్చరికను వదిలేయవచ్చు. ‘టీపీఎం ఇంటరప్ట్ పనిచేయడం లేదు, బదులుగా పోలింగ్ వాడుతున్నాను’ అనే అర్థంలో వచ్చే సందేశం ఇలాంటిదే (టీపీఎం అంటే భద్రతా చిప్; అది సంకేతం పంపనప్పుడు కెర్నలే పదేపదే అడిగి తెలుసుకోవడం పోలింగ్): కెర్నల్ సమస్యను చెప్పడంతోపాటు ప్రత్యామ్నాయాన్ని కూడా తానే చూసుకుంది.

లక్షణం కనిపించినా, కనిపించకపోయినా, ఫర్మ్‌వేర్‌ను తాజాపరచడమే అసలైన పరిష్కారం. ‘ఎఫ్‌డబ్ల్యూయూపీడీ‌ఎంజీఆర్ గెట్-అప్‌డేట్స్’ అనే ఆదేశంతో మీ మోడల్‌కు కొత్త కూర్పు ఉందో లేదో తెలుస్తుంది. అందులో లేకపోతే తయారీదారు వెబ్‌సైటులో దించుకొని, యూఎస్‌బీ డ్రైవు ద్వారా ఫర్మ్‌వేర్ సెట్టింగుల నుంచే ఎక్కించవచ్చు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తగిలించి ఉంచాలి. మధ్యలో విద్యుత్తు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. అప్‌డేట్ తరువాత బూట్ క్రమం, సెక్యూర్ బూట్ వంటి సెట్టింగులు మొదటికి రావచ్చు కనుక, ముందే వాటిని ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది. మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి కోడ్‌ను) తాజాపరచమని సందేశమే చెబుతుంటే, బయోస్ అప్‌డేట్ కోసం ఎదురుచూడనక్కరలేదు. మీ ప్రాసెసర్‌కు తగిన మైక్రోకోడ్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేస్తే బూట్ ఆరంభంలోనే అది లోడవుతుంది.

అప్‌డేట్ దొరకనప్పుడు కెర్నల్ పారామీటర్లే, అంటే బూట్ సమయంలో కెర్నల్‌కు ఇచ్చే సూచనలే, దిక్కు. లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రాము మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే పంక్తి చివర పారామీటర్ చేర్చి, కంట్రోల్ ఎక్స్‌తో బూట్ చేస్తే ఆ మార్పు ఒక్కసారికే వర్తిస్తుంది. అది ఫలించిందని తేలాకే దాన్ని గ్రబ్ కాన్ఫిగరేషన్ ఫైల్లో శాశ్వతంగా రాయాలి. ఉదాహరణకు, ఖాళీగా ఉన్న యంత్రంలో కేవర్కర్ అనే కెర్నల్ థ్రెడ్ ప్రాసెసర్‌ను తినేస్తుంటే, సిస్ డైరెక్టరీలో ఫర్మ్‌వేర్, దానిలో ఏసీపీఐ, దానిలో ఇంటరప్ట్స్ అనే ఫోల్డరులోని జీపీఈ ఫైళ్లను (పరికరాలు పంపే సంకేతాల లెక్కలను) చూడాలి. ఏదో ఒకదాని లెక్క లక్షల్లోకి పరుగులు తీస్తుంటే దోషి అదే. ‘ఏసీపీఐ_మాస్క్_జీపీఈ’ పారామీటర్‌కు ఆ ఫైలు పేరు చివరి సంఖ్యను, ముందు 0x చేర్చి, ఇచ్చి దాన్ని మూయవచ్చు. అయితే మూత మూయడమో పవర్ బటనో అదే సంఖ్య మీద ఆధారపడి ఉండవచ్చు కాబట్టి, తరువాత వాటిని కూడా పరీక్షించాలి.

చాలాచోట్ల సలహాగా కనిపించే ‘ఏసీపీఐ=ఆఫ్’ను మాత్రం శాశ్వతంగా ఉంచకండి. హెచ్చరికలతోపాటు బ్యాటరీ సమాచారం, సస్పెండ్, విద్యుత్ నియంత్రణ కూడా పోతాయి. వనరుల ఘర్షణను పట్టించుకోవద్దని చెప్పే ‘ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=లాక్స్’ కూడా నిరపాయకరం కాదు; దానివల్ల ఒకే రిజిస్టర్‌ను (పరికరంలోని చిన్న నిల్వ స్థానాన్ని) ఫర్మ్‌వేర్, డ్రైవర్ రెండూ ఒకేసారి కదిలించే అవకాశం ఏర్పడుతుంది.

యంత్రం బాగానే ఉండి, ఆ పంక్తులు కంటికి ఇబ్బందిగా మాత్రమే ఉంటే, వాటిని తెర మీద నుంచి తప్పించవచ్చు. కెర్నల్ సందేశాలకు 0 నుంచి 7 వరకు స్థాయిలున్నాయి. ఎర్రర్ స్థాయి 3. ‘క్వయట్’ పారామీటర్ తెర పరిమితిని 4గా పెడుతుంది, 4 కంటే తక్కువ సంఖ్యవన్నీ కనిపిస్తాయి. అందుకే క్వయట్ ఉన్నా ఈ ఎర్రర్లు ఆగవు. గ్రబ్ కాన్ఫిగరేషన్ ఫైల్లో దాని పక్కన ‘లాగ్‌లెవల్=3’ చేర్చి, డెబియన్, ఉబుంటులలో ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపితే అవి తెరపైకి రావు. జర్నల్‌లో (సిస్టమ్ చిట్టాలో) మాత్రం అన్నీ నమోదవుతూనే ఉంటాయి కనుక, రేపు సస్పెండ్ మొరాయిస్తే మొదట ఇచ్చిన ఆదేశంతోనే వాటిని తిరిగి చదువుకోవచ్చు.