బడి పక్క గెడ్డతో పర్యావరణ విద్య నేర్పడం ఎలా?

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు బడుల్లో పర్యావరణ విద్య అంటే చాలావరకు పర్యావరణ దినమైన జూన్ 5న ఒక మొక్క నాటడం, పిల్లల చేత ఒక ఊరేగింపు తీయించడం, గోడ మీద ఒక నినాదం రాయించడం. ఆ మొక్క దసరా నాటికి బతికి ఉందో లేదో చూసేవారు అరుదు. 1977 అక్టోబరులో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి జార్జియాలోని త్బిలిసి నగరంలో జరిపిన సదస్సు ఈ విద్యకు ఐదు లక్ష్యాలను నిర్దేశించింది. అవి ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం. మన దేశంలో దీన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 1991లో పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠమైతే వచ్చింది గాని, పరీక్షకు ఒదిగేది జ్ఞానం ఒక్కటే కావడంతో మిగిలిన నాలుగూ మూలన పడ్డాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఉపాధ్యాయులు ఆ నాలుగింటినీ ఒక ఏడాదిలో ఎలా తిరిగి తేవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా బడి నుంచి పది నిమిషాల్లో నడిచి వెళ్ళగలిగిన ఒక్క చోటును ఎంచుకోవాలి. గెడ్డ, అంటే కొండవాగు, అయితే మేలు. లేకపోతే చెరువు గాని, ఊరి బావి గాని చాలు. దూరపు విహారయాత్ర ఈ పనికి రాదు, ఎందుకంటే ఒకసారి చూసిన చోట మార్పు కనబడదు. నెలకు రెండుసార్లు, అదే గట్టు మీదికి, అదే పిల్లలను తీసుకువెళ్ళాలి. వానాకాలంలో మాత్రం గట్టు దిగనివ్వకూడదు. కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది.

రెండో పని పేర్ల పట్టిక. చూసిన ప్రతి చెట్టుకూ, పిట్టకూ, చేపకూ తెలుగు, ఒడియా పేర్లను, ఇక్కడి గిరిజనులైన సవరల భాషలోని పేర్లను పక్కపక్కన రాయించాలి. ఒడియాలో చింతకు తెంతులి, ఇప్పకు మహుల. పనస మాత్రం తెలుగు, ఒడియా రెండింటిలోనూ దాదాపు పనసే. సవర పేర్ల దగ్గర ఉపాధ్యాయుడు విద్యార్థి అవుతాడు, అది మంచిదే. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు ప్రయత్నించింది ఈ పర్లాకిమిడిలోనే గదా.

తరువాత కొలవడం నేర్పాలి. తాడుకు రాయి కట్టి నెలకొకసారి బావిలో నీటిమట్టం చూడాలి. గెడ్డ పక్కన పది మీటర్ల దూరం గుర్తుపెట్టి, ఎండు పుల్ల ఆ దూరం కొట్టుకుపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించాలి. ప్రతిసారీ ఒక గాజు సీసాలో నీరు పట్టి, కదపకుండా ఉంచి, అడుగున ఎంత మట్టి పేరుకుందో స్కేలుతో కొలవాలి. ఈ లెక్కలన్నీ ఒకే నోటుపుస్తకంలో ఉండాలి. నీరు ఎటు పోతుందో పటం మీద గీయించాలి. పర్లాకిమిడి వైపు పారే మహేంద్రతనయ నది వంశధారలో కలుస్తుంది, వంశధార శ్రీకాకుళం జిల్లా గుండా పారి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కాబట్టి ఇక్కడ విసిరిన సంచి రాష్ట్రం దాటగలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఒడిశాలోని గజపతి జిల్లాలో కొండచరియలు ఎక్కడ విరిగిపడ్డాయో పెద్దలను అడిగి, అదే పటం మీద గుర్తించమనాలి.

అన్నిటికంటే కష్టమైనది వైఖరి. ఇది ఉపన్యాసంతో రాదు, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి; ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింది ఎండుటాకులకు కొందరు నిప్పు పెడతారు, ఆ నిప్పు ఒక్కోసారి కొండకు పాకుతుంది. ఇది తప్పని ఉపాధ్యాయుడు తీర్పు చెబితే, పూలు ఏరే తన అమ్మమ్మను దోషిగా నిలబెట్టారని పిల్లకు తోస్తుంది, ఆమె ఇక నోరు విప్పదు. బదులుగా పిల్లలే ఇంటికి వెళ్ళి నిప్పు ఎందుకు పెడతారో, ఆకులు ఊడ్చడానికి ఎంతసేపు పడుతుందో, చెట్టు కింద పాత చీర గాని వల గాని పరిస్తే ఎన్ని పూలు దక్కుతాయో కనుక్కుని రావాలి. ఒక చెట్టు కింద వల పరిచి, మరో చెట్టు కింద ఆకులు ఊడ్చి పోల్చి చూడవచ్చు. వల లాభం కాదని తేలినా దాచకూడదు. బతుకుతెరువును లెక్కలోకి తీసుకోని పర్యావరణ పాఠాన్ని కొండ ఊళ్ళలో ఎవరూ నమ్మరు.

భాగస్వామ్యం చిన్నదిగానే మొదలుకావాలి. నోటుపుస్తకంలోని ఒక్క సమస్యను, ఉదాహరణకు బావి గట్టు చుట్టూ నిలిచే మురుగును తీసుకుని, కొలతలతో సహా ఒక పేజీ వినతి రాయించి, పెద్దల తోడుతో పల్లిసభలో, అంటే ఒడిశాలో ఊరివాళ్ళంతా కూడే సభలో, చదివించాలి. ఊరు ఒప్పుకోకపోవచ్చు, సమాధానం ఏమి వచ్చిందో కూడా పిల్లలే రాసి ఉంచాలి.

మార్కులు ఎలా వేయాలన్నది చివరి ప్రశ్న. వ్యాసరచన వద్దు. ఏడాది చివర ఒక్కొక్కరికి కింది తరగతి పిల్లవాణ్ణి జతచేసి గెడ్డ గట్టుకు పంపి, ఉపాధ్యాయుడు నాలుగడుగులు వెనక నడవాలి. ఏ చెట్టు పేరు చెప్పింది, ఏ కొలత చూపింది, తెలియనిది అడిగినప్పుడు తెలియదని ఒప్పుకుందా, ఎవరిని అడగాలో చెప్పగలిగిందా అని గమనించి రాసుకుంటే చాలు. ఆ నోటుపుస్తకాన్ని బడిలోనే ఉంచి, కొత్త తరగతి చేత మరుసటి పేజీ నుంచి కొలతలు కొనసాగించాలి.