బుడిబుడి అడుగులకు మెత్తటి బూట్లు: కొనే ముందు చూసుకోవలసినవి

ముందు ఒక మాట. ఇంట్లో నడిచేటప్పుడు బూట్లే అక్కర్లేదు. వట్టి కాళ్లతో నడిస్తేనే వేళ్లు నేలను పట్టుకోవడం నేర్చుకుంటాయి. సాక్సులతో మాత్రం వదలకండి, నున్నటి కడప బండ మీద సర్రున జారతారు. బూట్లు బయటికే. మా కర్నూలు ఎండల్లో మధ్యాహ్నం వాకిట్లో పెద్దవాళ్లమే కాలు పెట్టలేం.

• కొలత సాయంత్రం తీయండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితం మీద బిడ్డను నిలబెట్టి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయండి. రెండూ ఒకేలా ఉండకపోవచ్చు, పెద్దదే లెక్క. పొడవాటి వేలి ముందు సుమారు 1 సెంటీమీటరు ఖాళీ చాలు. "ఎదిగే బిడ్డ కదా, రెండు సైజులు పెద్దది తీసుకో" అంటుంది అవ్వ. ఈ ఒక్క విషయంలో అవ్వ మాట వినకండి. కాలు లోపల ఆడి, తట్టుకుని పడతారు.

• అంగట్లోనే చేత్తో వంచి చూడండి. వేళ్ల దగ్గర సులువుగా వంగాలి, అడుగు జారకుండా గరుకుగా ఉండాలి. ఎత్తు మడమ వద్దు.

• లోపల వేలు పెట్టి కుట్లు తడమండి. పూసలు, బొత్తాలు లాగి చూడండి. ఊడితే నేరుగా నోట్లోకే.

• వెల్క్రో పట్టీ మేలు. కీచుకీచుమనే బూట్లంటారా, పక్కింటివాళ్లతో మాట పడేది మీరే.

• అక్క పిల్లాడి పాత జత వద్దు. అది వాడి పాదానికి తగ్గట్టు అరిగి ఉంటుంది.

తెచ్చాక 15 నిమిషాలు తొడిగి విప్పండి. ఎర్రటి గీత పడితే మార్చుకోవాలి, బిల్లు పారేయకండి. 6–8 వారాలకోసారి మళ్లీ కొలవండి.