లండన్‌లో పెట్టెలతో పెద్దవాళ్ల ప్రయాణం: బయలుదేరే ముందే మెట్లు లేని దారి చూసుకోండి

లండన్‌లో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో బయలుదేరే పెద్దవాళ్లకు వీసా గురించి, మందుల చీటీల గురించి, చలి దుస్తుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. విమానం దిగిన చోటు నుంచి ఇంటి గుమ్మం దాకా దారిలో ఎన్ని మెట్లు ఉన్నాయో చెప్పేవాళ్లు తక్కువ. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గంటల తరబడి కూర్చుని వచ్చిన కాళ్లు వాచి ఉంటాయి, నిద్ర చాలదు, చేతిలో ఇరవై మూడు కిలోల పెట్టె ఉంటుంది. ఆ స్థితిలో ఒక్క మెట్టు తప్పినా తుంటి ఎముక విరగవచ్చు. మనవళ్లతో గడపాల్సిన నెలలు ఆసుపత్రి మంచం మీద గడిచిపోవచ్చు.

అందుకే ముందుగా చెబుతున్నాను. ఫోనులో మ్యాపు మొదట చూపించేది త్వరగా చేర్చే దారి. పెద్దవాళ్లకు కావలసింది లిఫ్టులున్న దారి. ఈ రెండూ ఒకటయ్యే సందర్భాలు లండన్‌లో తక్కువే.

లిఫ్టు ఉందన్నంత మాత్రాన సరిపోదు

లండన్ భూగర్భ రైలు 1863లో మొదలైంది. అక్కడివాళ్లు దాన్ని ట్యూబ్ అంటారు. చాలా స్టేషన్లు వందేళ్ల కిందట, అంతకు ముందు కట్టినవి. చక్రాల కుర్చీ, మోకాళ్ల నొప్పి, చక్రాల సూట్‌కేసు అప్పటి ఇంజనీర్ల లెక్కలో లేవు. ఇప్పుడు 272 ట్యూబ్ స్టేషన్లున్నాయి. వాటిలో ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా ప్లాట్‌ఫారం చేరగలిగేవి సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. వీటినే స్టెప్-ఫ్రీ స్టేషన్లు అంటారు.

ట్యూబ్ మ్యాపులో వీటి పక్కన చక్రాల కుర్చీ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు రెండు రకాలు. నీలం వృత్తంలో తెల్ల బొమ్మ ఉంటే వీధి నుంచి రైలు లోపలి దాకా మెట్టు లేదని అర్థం. తెల్ల వృత్తంలో నీలం బొమ్మ ఉంటే ప్లాట్‌ఫారం వరకే మెట్లు లేవు, అక్కడి నుంచి రైలు ఎక్కేటప్పుడు ఎత్తో సందో ఉంటుంది. నడవగలిగినవాళ్లకు రెండో రకం కూడా పనికొస్తుంది. కానీ బరువైన పెట్టెను ఆ ఎత్తు మీదికి లేపే మనిషి పక్కన ఉండాలి.

ఈ గుర్తుల కింద ఉండే చిన్న అక్షరాలు ఇంకా ముఖ్యం. ఒక స్టేషన్‌లో ఒక లైనుకు లిఫ్టు ఉండి, మరో లైనుకు లేకపోవచ్చు. బ్యాంక్ స్టేషన్‌లో నార్తర్న్ లైనుకు, డీఎల్‌ఆర్ అనే తేలిక రైలుకు లిఫ్టులున్నాయి, సెంట్రల్ లైనుకు లేవు. లివర్‌పూల్ స్ట్రీట్‌లో ఎలిజబెత్ లైనుకు లిఫ్టు ఉంది, అక్కడ కూడా సెంట్రల్ లైనుకు లేదు. యూస్టన్ స్క్వేర్‌లో పడమర వైపు వెళ్లే ప్లాట్‌ఫారానికి మాత్రమే లిఫ్టు ఉంది. అంటే వెళ్లేటప్పుడు హాయిగా దిగిన చోటే తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఆగిపోవలసి రావచ్చు. కాబట్టి రాకను, పోకను విడివిడిగా చూసుకోవాలి.

ఇంకో మోసం కూడా ఉంది. హోటళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతంలోని రస్సెల్ స్క్వేర్ స్టేషన్‌లో పెద్ద లిఫ్టులే ఉన్నాయి. అవి దిగాక మళ్లీ మెట్లు ఎదురవుతాయి. ఊరి నడిబొడ్డున అందరూ చెప్పుకునే ఆక్స్‌ఫర్డ్ సర్కస్, పిక్కడిల్లీ సర్కస్, లెస్టర్ స్క్వేర్ స్టెప్-ఫ్రీ కావు. వాటికి బదులు బాండ్ స్ట్రీట్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, గ్రీన్ పార్క్ పనికొస్తాయి. ఉత్తరాది రైళ్లు బయలుదేరే యూస్టన్ పెద్ద స్టేషనే అయినా దాని కింద ఉన్న ట్యూబ్‌కు మెట్లు లేని దారి లేదు. మాంచెస్టర్ లేదా బర్మింగ్‌హామ్ వెళ్లడానికి అక్కడ రైలు ఎక్కాల్సిన వాళ్లు కింగ్స్ క్రాస్‌లో దిగి, యూస్టన్ రోడ్డు మీద వెళ్లే బస్సు ఎక్కడం మేలు.

హీత్రూ నుంచి

2022 మే 24న ఎలిజబెత్ లైను మొదలైన తర్వాత పెట్టెలున్న పెద్దవాళ్ల ప్రయాణం చాలా తేలికైంది. దాని 41 స్టేషన్లన్నీ స్టెప్-ఫ్రీ. హీత్రూ విమానాశ్రయ స్టేషన్లలోనూ, పాడింగ్టన్ నుంచి వూల్విచ్ వరకూ ప్లాట్‌ఫారం, రైలు ఒకే ఎత్తులో ఉంటాయి. పెట్టెను ఎత్తకుండా దొర్లించుకుంటూ లోపలికి వెళ్లవచ్చు. మిగతా స్టేషన్లలో ఎక్కేచోట తేడా ఉంటే సిబ్బంది ర్యాంపు వేస్తారు.

పిక్కడిల్లీ లైను కూడా హీత్రూ అన్ని టెర్మినళ్ల నుంచి ఉంది. నెమ్మదిగా నడుస్తుంది, ఊళ్లోకి సుమారు గంట పడుతుంది. అయినా దాన్ని కొట్టిపారేయకండి. కింగ్స్ క్రాస్ వెళ్లాలంటే పిక్కడిల్లీలో మధ్యలో రైలు మారాల్సిన పని లేదు, రెండు చివరలా లిఫ్టులున్నాయి. ఎలిజబెత్ లైనులో ఫారింగ్డన్ దాకా వెళ్లి అక్కడ థేమ్స్‌లింక్ రైలు ఎక్కితే కొంత సమయం కలిసి వస్తుంది. కానీ రెండు పెట్టెలతో రైలు మారడం, లిఫ్టు వెతకడం, జనంలో నిలబడటం తప్పవు. నా దృష్టిలో పెద్దవాళ్లకు ఒక మార్పు తగ్గడం పావుగంట కలిసిరావడం కన్నా విలువైనది. పిక్కడిల్లీ ఎక్కేటప్పుడు ప్లాట్‌ఫారం మీద కొంత భాగం ఎత్తుగా కట్టి, అక్కడ చక్రాల కుర్చీ గుర్తు పెట్టి ఉంటుంది. ఆ భాగంలోనే నిలబడితే రైలు ఎక్కడానికి మెట్టు ఉండదు.

మనవాళ్లు చాలామంది ఉండే ఈస్ట్ హామ్ వైపు వెళ్లేవాళ్లకు ఎలిజబెత్ లైనులో వైట్‌చాపెల్ దాకా వెళ్లి, అక్కడ లిఫ్టులో డిస్ట్రిక్ట్ లైనుకు మారడం మంచిది. ఈస్ట్ హామ్ స్టేషన్ కూడా స్టెప్-ఫ్రీయే. స్లౌ వెళ్లేవాళ్లు ఊళ్లోకి రానవసరం లేదు, హేస్ అండ్ హార్లింగ్టన్‌లో మారితే చాలు. సామాన్లు ఎక్కువ ఉన్నవాళ్లకు కోచ్ బస్సులు కూడా ఒక మంచి మార్గం. హీత్రూ సెంట్రల్ బస్ స్టేషన్ నుంచి విక్టోరియాకు, ఇతర నగరాలకు నేరుగా వెళ్తాయి. పెట్టెలు కింద డిక్కీలోకి వెళ్లిపోతాయి, దారంతా వాటిని కాపలా కాయనక్కర్లేదు.

పిల్లలు ఒక టెర్మినల్‌లో ఎదురుచూస్తుంటే మీరు మరోదాంట్లో దిగారనుకోండి, కంగారు పడకండి. టెర్మినళ్ల మధ్య రైలు ప్రయాణం ఉచితం, అన్ని చోట్లా లిఫ్టులున్నాయి.

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ సాయం కావాలంటే కనీసం 48 గంటల ముందే విమాన సంస్థకు చెప్పాలి. దానికి డబ్బు తీసుకోరు. నడవగలం కదా అని మొహమాటపడి వద్దనకండి. హీత్రూలో విమానం తలుపు నుంచి ఇమిగ్రేషన్ దాకా నడక చాలా పొడవు. ఆ ఓపికను తర్వాతి దారికి దాచుకోవాలి. అయితే ఈ సాయం విమానాశ్రయానికి సంబంధించినది. రైలులో సాయం వేరుగా అడగాలి.

ఇంటికి దగ్గరి స్టేషనే దిగాల్సిన స్టేషన్ కాదు

ఈ మాట ముఖ్యంగా పిల్లలకు చెబుతున్నాను. మీరు రోజూ దిగే స్టేషన్‌లో ఎన్ని మెట్లున్నాయో మీకు గుర్తుండదు, పరుగున ఎక్కేస్తారు కాబట్టి. అమ్మానాన్నలు రాకముందే ఒకసారి ఆ దారిలో మెట్లు లెక్కపెట్టండి. అక్కడ లిఫ్టు లేకపోతే ఒకటి రెండు స్టేషన్లు ముందో వెనకో లిఫ్టు ఉన్నచోట దింపి, అక్కడి నుంచి బస్సులోనో టాక్సీలోనో ఇంటికి తీసుకెళ్లండి. లండన్ నల్ల టాక్సీలన్నిటిలో చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు ఉంటుంది, పెట్టెలకూ చోటు ఉంటుంది. హీత్రూ నుంచి మొత్తం దారికి టాక్సీ తీసుకుంటే ఖర్చు ఎక్కువ. చివరి రెండు మైళ్లకు తీసుకుంటే అంత భారం కాదు, పెద్దవాళ్లు బాగా అలసిపోయి ఉండేది కూడా అప్పుడే.

దారి వెతికేటప్పుడు ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వారి జర్నీ ప్లానర్‌లో మెట్లు వద్దు, ఎస్కలేటర్లు వద్దు అని ఎంచుకునే వీలుంది. వారి ఫోను యాప్ టీఎఫ్‌ఎల్ గో మ్యాపులోనూ స్టెప్-ఫ్రీ స్టేషన్లు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. దొరికిన దారిని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెద్దవాళ్ల చేతికివ్వండి: ఏ లైను, ఏ వైపు వెళ్లే రైలు, ఎక్కడ దిగాలి, ఎవరికి ఫోను చేయాలి. దిగగానే సిమ్ పనిచేయకపోవచ్చు, ఫోనులో ఛార్జింగ్ అయిపోవచ్చు. కాగితానికి ఆ ఇబ్బంది లేదు.

ఎలిజబెత్ లైను రైళ్లు రెండు వందల మీటర్లకు పైగా పొడవు ఉంటాయి. దిగాక తప్పు వైపు నడిస్తే ఆ దూరమంతా వెనక్కి రావాలి. ప్లాట్‌ఫారం మీద లిఫ్టు గుర్తు ఎటు చూపిస్తోందో చూసి, తోసుకెళ్లే జనం దాటిపోయాక కదలండి. తొందరపడి వాళ్లతో నడిస్తే వాళ్లు మిమ్మల్ని ఎస్కలేటర్ దగ్గరికి తీసుకెళ్తారు.

పెట్టెతో ఎస్కలేటర్ వద్దు

దీని మీద నేను గట్టిగానే చెబుతాను. పెట్టె పట్టుకున్న చేయి రైలింగ్ పట్టుకోలేదు. ఎక్కేచోట చక్రం మెట్టు అంచున పడితే పెట్టె వెనక్కి దొర్లుతుంది, మనిషిని కూడా లాగేస్తుంది. వెనకున్నవాళ్లు కూడా దెబ్బతింటారు. చీర కుచ్చెళ్లు, పొడవాటి చున్నీ కదిలే మెట్ల అంచున చిక్కుకునే ప్రమాదం ఉంది. లిఫ్టు కోసం ఐదు నిమిషాలు నిలబడటమే మంచిది. ప్రయాణం రోజున పొట్టిగా, బిగుతుగా ఉండే దుస్తులు, జారని అడుగున్న బూట్లు వేసుకోవాలి. వాన పడితే స్టేషన్ గచ్చు బాగా జారుతుంది.

సామాన్లు కట్టేటప్పుడే ఆలోచించాలి. మనిషికి ఒకే చక్రాల పెట్టె, భుజానికో వీపుకో ఒక సంచి. ఒక చేయి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఊరగాయ సీసాలు, పిండివంటల డబ్బాలు విడి సంచుల్లో వేలాడదీయకండి, అవీ పెట్టెలోనే వెళ్లాలి. పెట్టె నిండిపోతే ఏదో ఒకటి తగ్గించుకోవడమే మార్గం. మందులు, పాస్‌పోర్టు, కళ్లద్దాలు భుజానికున్న సంచిలో ఉంచుకోండి. టికెట్ గేట్ల దగ్గర ఒక చివర వెడల్పు గేటు ఉంటుంది, పెట్టె ఉన్నవాళ్లు దాని గుండానే వెళ్లాలి. ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి. ఎక్కేచోట ఏ కార్డు తాకించారో దిగేచోట కూడా అదే తాకించాలి. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు. అరవై దాటినవాళ్లకు ఇచ్చే ఉచిత కార్డు లండన్‌లో నివసించేవాళ్లకు మాత్రమే, చూడటానికి వచ్చినవాళ్లకు వర్తించదు.

లిఫ్టు పనిచేయకపోతే

ఇది జరుగుతుంది, తరచుగానే జరుగుతుంది. ఇంటి నుంచి బయలుదేరే ముందు, రైలు మారే ముందు యాప్‌లో లిఫ్టుల స్థితి చూడండి. లిఫ్టు ఆగిందని తెలిస్తే ఆ స్టేషన్‌లో దిగకుండా తర్వాతి స్టెప్-ఫ్రీ స్టేషన్ దాకా వెళ్లండి. దిగాక తెలిస్తే ధైర్యం చేసి మెట్లెక్కకండి. ట్యూబ్ స్టేషన్లలో రైళ్లు నడిచినంతసేపూ సిబ్బంది ఉంటారు. వాళ్లను పిలిచి సాయం అడగండి. ట్యూబ్‌లోనూ ఎలిజబెత్ లైనులోనూ ఈ సాయానికి ముందుగా చెప్పనవసరం లేదు, వెళ్లి అడిగితే చాలు. భాష రాకపోయినా లిఫ్టు అనే ఒక్క మాట, పెట్టె వైపు చూపిన చేయి వాళ్లకు అర్థమవుతాయి.

ఎప్పుడూ చేతిలో ఉండే రెండో మార్గం బస్సు. లండన్ ఎర్ర బస్సులన్నీ నేల ఎత్తు తక్కువగా ఉన్నవి, ర్యాంపు ఉన్నవి. గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఒకే ఛార్జీ. అయితే కింది అంతస్తులోనే కూర్చోవాలి, బస్సు పూర్తిగా ఆగాకే లేవాలి. చక్రాల కుర్చీ స్థలం ఖాళీగా ఉందని పెట్టెలు పెట్టినా, కుర్చీలో ఎవరైనా వస్తే వెంటనే తీసేయాలి, ఆ చోటు వాళ్లదే.

డీఎల్‌ఆర్ తూర్పు లండన్‌లో అన్ని స్టేషన్లలోనూ స్టెప్-ఫ్రీ. అటు వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకోవచ్చు.

నిలబడలేనివాళ్ల కోసం, కూర్చోవడానికి చోటివ్వమని కోరే నీలి బ్యాడ్జి ఒకటి 2017 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. పిల్లలు ముందే తెప్పించి ఉంచితే మంచిది. పెద్దవాళ్లు నోరు తెరిచి అడగడానికి జంకుతారు, బ్యాడ్జి వాళ్ల తరఫున అడుగుతుంది.

వారపు రోజుల్లో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు వరకు పెట్టెలతో రైలెక్కకండి. లిఫ్టుల దగ్గర కూడా వరుసలుంటాయి. విమానం పొద్దున్నే దిగితే హీత్రూలోనే కాసేపు కూర్చుని, టీ తాగి, మందులు వేసుకుని తొమ్మిదిన్నర దాటాక కదలండి. తిరుగు ప్రయాణంలోనూ ఇదే లెక్క. మామూలుగా పట్టే సమయానికి ఇంకో గంట కలిపి బయలుదేరాలి. ఆ రోజు ఉదయం లిఫ్టుల స్థితిని మళ్లీ ఒకసారి చూసుకోవాలి. వచ్చినప్పుడు పనిచేసిన లిఫ్టు ఆ రోజు మరమ్మతులో ఉండవచ్చు.