రేటు ఒకటే చెప్పినా రెండు ఫ్లాట్ల ధర ఒకటి కాదు: ప్లాన్ చూసి లెక్కేయడం ఎలా

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా ఫ్లాటు బేరంలో చెప్పే ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు మామూలుగా సూపర్ బిల్టప్ మీదే ఉంటుంది. మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా అందులో కలిసిపోతుంది. కాబట్టి ముందు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే నేల ఎంతో అడగండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఇంట్లోని అడ్డుగోడలు దీంట్లోకి వస్తాయి. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, బాల్కనీలు రావు.

రెండు ఫ్లాట్లూ 1500 ఎస్‌ఎఫ్‌టీ, 90 లక్షలు అనుకుందాం. చెప్పే రేటు 6000. ఒకదాని కార్పెట్ 1050, రెండోదానిది 1170 అయితే అసలు రేట్లు 8571, 7692. పార్కింగ్ ఆ ధరలోనే ఉందా, వేరేనా అన్నది రెంటికీ ఒకేలా పట్టుకోవాలి.

కార్పెట్‌లోనూ వృథా ఉంటుంది. మూడున్నర అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న ప్యాసేజీ 63 ఎస్‌ఎఫ్‌టీ తినేస్తుంది. రెండో ఫ్లాటు రేటుతో చూస్తే నడిచే దారికే దాదాపు 4.85 లక్షలు! బ్రోచర్‌లో గీసిన మంచాన్ని నమ్మకుండా టేపు తీసుకెళ్లండి. మంచం ఆరున్నర అడుగులు, దాని ఎదురుగా వార్డ్‌రోబ్ రెండు అడుగులు. గది పది అడుగులే అయితే మిగిలేది అడుగున్నర. వార్డ్‌రోబ్ తలుపు తెరిస్తే నిలబడే చోటుండదు. పదకొండున్నర ఉంటే ఇబ్బంది లేదు. హాలు ఎంత పెద్దదైనా నాలుగు గోడలకూ తలుపులుంటే సోఫా ఎక్కడ వేస్తారు?

ఫేసింగ్ సంగతి: వాస్తు మీకు పట్టకపోయినా రేపు మీ దగ్గర కొనేవాళ్లు అడుగుతారు. తూర్పు ఫ్లాటును తూర్పు ఫ్లాటుతోనే పోల్చండి.

పాత అపార్ట్‌మెంట్లలో యూడీఎస్, అంటే మొత్తం స్థలంలో ఆ ఫ్లాటుకు వచ్చే విడదీయని భూమి వాటా, తప్పకుండా చూడాలి. కట్టడం పాతబడేకొద్దీ దాని విలువ తగ్గుతుంది, భూమి వాటా మిగులుతుంది. ఒకదానికి 40 గజాలు, మరోదానికి 60 వస్తే, గజం 60 వేలున్న చోట తేడా 12 లక్షలు. అయితే ఆ మొత్తాన్ని నేరుగా ధరకు కలపకండి. వాటాను విడిగా అమ్ముకోలేరు కదా.

ఇండిపెండెంట్ ఇళ్లలో యజమాని సొంత అభిరుచితో చేయించిన మార్పులకు పెట్టిన ఖర్చంతా తిరిగి రాదు. మూడు బెడ్‌రూములను రెండు చేస్తే కొనేవాళ్లు తగ్గుతారు. అధికారులు ఆమోదించిన శాంక్షన్ ప్లాన్‌లో లేని పై అంతస్తును బ్యాంకులు సాధారణంగా విలువ కట్టవు. అద్దె ఎంత వస్తున్నా సరే, లోను మీద కొనేవాళ్లు దాన్ని లెక్కలోంచి తీసేసే బేరం మొదలుపెట్టాలి.