దేవుడి దగ్గర క్షమాపణ అడిగేది ఎట్లా, నా 38 వేల లెక్కతో చెప్తా

ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి "ప్రభువా మా పాపాలు క్షమించు" అని ఆరేళ్లు చెప్పినా, ఒక్కరోజు కూడా గుండె తేలికపడలేదు. ఎందుకంటే నా పాపానికి ఒక అంకె ఉంది, 38 వేలు, అది మాత్రం ప్రార్థనలో ఎప్పుడూ నోట్లోంచి రాలేదు. చిత్తూరు పక్కన మా ఉమ్మడి తోటలో తోతాపురి మామిడికాయ గుజ్జు ఫ్యాక్టరీకి తోలింది నేనే, డబ్బు తీసుకుంది నేనే, మా అన్నకి టన్ను రేటు తగ్గించి చెప్పిందీ నేనే. నేను యాడ తప్పు చేసినా, ఏది పని చేసింది, రెండూ రాస్తా ఉండా.

ముందు పాపాన్ని పేరుపెట్టి చెప్పాలండి, టోకున కాదు. "నేను పాపిని" అనేది ఎవురైనా అంటారు, దాంట్లో నొప్పి లేదు. "మా అన్నని 38 వేలకి మోసం చేసినా" అని గదిలో తలుపేసుకుని, ఫోను ఆపేసి, చెవికి వినపడేలాగా చెప్పి చూడండి, గొంతు ఎట్లా పట్టేస్తుందో. మన వైపు తగువు తెగకపోతే కాణిపాకం వినాయకుడి గుడిలో ప్రమాణం చేద్దాం రా అంటారు గదా, అక్కడ మనిషి "నేను చేయలేదు" అని చెప్పేదానికి నిలబడతాడు. ఒప్పుకోలు దానికి తిరగేసిన ప్రమాణం, "నేనే చేసినా" అని చెప్పేదానికి నిలబడాల. "కానీ" అనే మాట వస్తే అక్కడే ఆగి మళ్లీ మొదలుపెట్టండి. నాది "కానీ ఆ ఏడు పాప ఫీజు కట్టాల్సొచ్చింది" అని మూడుసార్లు వచ్చింది. మాటలు దొరక్కపోతే బైబిల్లో 51వ కీర్తన చదవండి, ఇంకొకడి భార్య బత్షెబ విషయంలో నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినాక దావీదు రాజు చేసిన ప్రార్థన అది, అందులో సాకు ఒక్కటీ కనపడదు.

కన్నీళ్లు రాకపోతే క్షమాపణ రాలేదనుకోవద్దు. 1 యోహాను 1:9లో మనం ఒప్పుకుంటే క్షమించేదానికి ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును" అని ఉంది, మనకి ఏడుపొచ్చిందా లేదా అని యాడా లేదు. నేను ఆ రాత్రి ఒప్పుకుని నిద్రపోయినా, అంతే.

ఇంగ నా పెద్ద తప్పు. అంతకుముందు సంవత్సరాల్లో ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాలం 40 రోజులు ఉపవాసం ఉండి, దశమభాగం కాక ఇంకో 5 వేలు కవర్లో పెట్టి కానుక వేసేవాణ్ణి. అన్నకి ఇవ్వాల్సింది దేవుడికి ఇచ్చి సరిపెట్టుకోవాలని చూసినా అన్నమాట. ఆయన దగ్గర బాకీ డబ్బుతో తీరేది కాదు. కొలస్సయులకు 2:14లో మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని సిలువకి మేకులతో కొట్టి చేవ్రాత తుడిచేసినాడు అని ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ప్రోనోటు వెనకాల "చెల్లు" రాసేసినాడు, యేసు రక్తంతో. చెల్లు పడిన నోటుకి మళ్లీ వడ్డీ కట్టుకుంటా పోతామా ఎవురమైనా?

అయితే మనిషికి ఇవ్వాల్సింది మనిషికే ఇవ్వాల. లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథలో వరస చూడండి, ముందు యేసు "నీ ఇంట్లో ఉంటా" అన్నాడు, ఆ తర్వాతే ఈయన నాలుగంతలు తిరిగిస్తా అన్నాడు. మా పాస్టరయ్య కూడా "డబ్బు తీసుకునే పో నాయినా, వట్టి చేతుల్తో పోయి ఏడవద్దు" అన్నాడు.

రూపాయి వడ్డీ లెక్కన ఆరేళ్లకి 27,360 అయింది, అసలుతో కలిపి 65,360. సాయంత్రం పోతే అన్న ఆవు పాలు పిండతా ఉండాడు. చెప్పినా. బకెట్టు నిండేదాకా తల ఎత్తలేదు, లేచి చేతులు కడుక్కుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి లోపలికి పోయినాడు. వదిన కాఫీ తేలేదు, ఆ ఇంట్లో అదే మొదటిసారి. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి, "దేవుడే క్షమించినాడు, నువ్వెందుకు క్షమించవు" అని మాత్రం అనొద్దు, అది ఇంకో దెబ్బ కొట్టినట్టు. దేవుడి క్షమాపణ ఆ రాత్రే దొరికింది, అన్నది ఆయన టైము ఆయనది.

ఆఖరిది, మనకి బాకీ ఉన్నోళ్లు. మత్తయి 18లో ఒకడికి పదివేల తలాంతులు మాఫీ అయినాయి, వాడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం ఇంకొకడి గొంతు పట్టుకున్నాడు. దేనారం అంటే ఒకరోజు కూలి, తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. రోజు కూలి 600 అనుకుంటే వాడికి మాఫీ అయింది 3,600 కోట్లు, వాడు పట్టుకున్నది 60 వేలు. ఈ లెక్క వేసినాకే, చీటీ పాడుకుని మళ్లీ మొహం చూపించనోడి మీద నాకున్న కోపం కొంచెం దిగింది. వాడికి మళ్లీ డబ్బిస్తానా అంటే ఇయ్యను, క్షమించేదానికీ నమ్మేదానికీ సంబంధం లేదు. కొట్టే మొగుడి దగ్గర పడి ఉండమని కూడా దీని అర్థం కాదు, ఆ మాట ఎవురు చెప్పినా వినొద్దు.

ఈ సీజన్ నుంచి కాటా చీటీ, ఫ్యాక్టరీ బిల్లు రెండూ నేరుగా అన్న చేతికే ఇస్తా ఉండా. చూస్తాడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు, ఏమీ అనడు. వదిన మాత్రం పోయిన వారం కాఫీ ఇచ్చింది, చక్కెర తక్కువైంది గానీ నేనేం అనలేదు.