పాత స్విచ్‌కి ఎస్ఎస్‌హెచ్ ఎక్కడం లేదా? ఎర్రర్ చివరి ముక్క చదవండి

సమస్య: చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, కావలి వైపు కోల్డ్ స్టోరేజీల్లో పాత నెట్‌వర్క్ స్విచ్‌లు ఇంకా నడస్తానే ఉంటాయి, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 20.04 తీసేసి 22.04 వేశాక వాటికి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) కొడితే పాస్‌వర్డ్ కూడా అడక్కుండా "అనేబుల్ టు నెగోషియేట్" అని తెగిపోద్ది. స్విచ్ పోయిందనుకోని కేబుళ్లు మార్చబాకండి. టెల్నెట్ (భద్రత లేని పాత లాగిన్ పద్ధతి) అయితే అసలొద్దు, పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద పోద్ది.

కారణం: లాగిన్‌కి ముందే రెండు వైపులా ఏ పద్ధతి వాడాలో ఒప్పుకోవాల, ఒక్కటి కూడా కలవకపోతే కనెక్షన్ లేదు. ఉబుంటులో ఉండే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్, 2015లో 7.0తో డిఫీ హెల్‌మన్ గ్రూప్1 అనే కీ మార్చుకునే పద్ధతిని, 2021లో 8.8తో షా1 అనే పాత హాష్‌తో పెట్టే ఆర్ఎస్ఏ సంతకాలని డిఫాల్ట్‌గా ఆపేసింది. ఊరికే ఆపలా. గ్రూప్1 అంటే 1024 బిట్లే, షా1కి 2017లో కొలిజన్ (రెండు వేరే ఫైళ్లకి ఒకే హాష్ రావడం) చేసి చూపించేశారు.

పరిష్కారం: ఎర్రర్లో "దెయిర్ ఆఫర్" తర్వాత ఏముందో అదే మీకు కావాల్సింది. డిఫీ హెల్‌మన్ పేరుంటే కెక్స్ అల్గారిథమ్స్ లైను, ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ అనుంటే హోస్ట్ కీ అల్గారిథమ్స్, సీబీసీ అనుంటే సైఫర్స్. మీ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఆ ఒక్క స్విచ్ ఐపీకి హోస్ట్ బ్లాక్ పెట్టి అందులోనే ఆ లైను రాయండి, పేరు ముందు ప్లస్ గుర్తు మర్చిపోబాకండి, అది లేకపోతే కొత్త పద్ధతులన్నీ పోయి పాతదొక్కటే మిగులుద్ది. హోస్ట్ దగ్గర స్టార్ పెట్టి అన్ని మెషీన్లకీ తెరిచేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తది, ఒక్క ముసలి స్విచ్ కోసం బ్యాంకు సర్వర్‌కి పోయే కనెక్షన్‌ని కూడా బలహీనం చేసుకుంటామా?

ఇంకో రకం ఉంది, ఇదే ఎక్కువ తిప్పలు పెడద్ది. కనెక్ట్ అవుద్ది, పాస్‌వర్డ్ బదులు వాడే మీ కీ కరెక్టే, అయినా పర్మిషన్ డినైడ్. వెర్బోస్‌లో (ప్రతి అడుగూ చూపించే మోడ్) నడిపితే "నో మ్యూచువల్ సిగ్నేచర్ అల్గారిథమ్" కనపడద్ది. ఆర్ఎస్ఏ కీ తప్పేం కాదు, దాంతో షా1 సంతకం పెట్టేదే కుదరటంలా. అవతల ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 6.5 లేదా ఆపైది ఉంటే ఈడీ25519 అనే వేరే రకం కీ కొత్తది చేసుకోండి, శాశ్వతంగా తీరిపోద్ది. లేకపోతే ఆ హోస్ట్ బ్లాక్‌లోనే పబ్‌కీ యాక్సెప్టెడ్ అల్గారిథమ్స్‌కి ప్లస్ పెట్టి ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ కలపండి.

లోపలికి పోయాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసి వేసేయండి, తర్వాత ఆ లైన్లు తీసేయండి. డీఎస్ఏ అనే పాత రకం కీ ఒక్కటే ఉన్న డబ్బాలకి మాత్రం ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 10.0 నుంచి ఏ లైనూ పనిచెయ్యదు, కన్సోల్ కేబుల్ పెట్టి ఆర్ఎస్ఏ కీ చేయాల్సిందే.